చుక్క పేలితే స్ఫటికానికి తెలుస్తుంది

1987 ఫిబ్రవరి 23, సోమవారం, మధ్యాహ్నం ఒంటిగంటా అయిదు నిమిషాలు. కోనసీమలోని అల్లవరంలో అన్నాల వేళ. బడిపిల్లలు క్యారేజీలు విప్పుకునే వేళ. సరిగ్గా అప్పుడు, లక్షా 68 వేల ఏళ్లుగా ప్రయాణం చేస్తున్న కణాల గుంపొకటి ఊరి గుండా దూసుకుపోయింది. ఆకాశం నుంచి దిగలేదు. భూమిలో ఒక పక్క దూరి, మన కాళ్ల కింద నుంచి ఏటవాలుగా పైకొచ్చి వెళ్లిపోయింది. మనిషి ఒంట్లో ప్రతి చదరపు సెంటీమీటరు గుండా వెయ్యి కోట్లకు పైగానే పోయాయని అంచనా. కొబ్బరాకు కదల్లేదు. ఎవరికీ పొలమారనైనా లేదు.

అవి న్యూట్రినోలు. పెద్ద మెజిల్లానిక్ మేఘం అనే పక్క గెలాక్సీలో ఓ భారీ నక్షత్రం తన బరువుకు తానే కుప్పకూలినప్పుడు పుట్టినవి. ప్రపంచం మొత్తం మీద ఆ క్షణాన దొరికినవి 24. జపాన్‌లోని కమియోకా గనిలో ఉన్న నీళ్ల ట్యాంకుకు 11, అమెరికాలో ఒహాయో ఉప్పుగనిలోని ఐఎంబీ ట్యాంకుకు 8, కాకసస్ కొండల్లోని బక్సాన్ ప్రయోగశాలకు 5. అంతే. ఆ రెండు డజన్ల కణాల మీద వచ్చిన పరిశోధన పత్రాలు మాత్రం వందలు దాటాయి. జపాన్ బృందాన్ని నడిపిన మసతోషి కొషిబాకు 2002లో నోబెల్ దక్కింది.

పేలుడు వెలుగు మనల్ని చేరింది ఆ తర్వాత దాదాపు మూడు గంటలకు. చిలీ కొండల మీది లాస్ కంపానాస్ వేధశాలలో ఇయాన్ షెల్టన్ దాన్ని ఫోటో పలక మీద చూసి, బయటికొచ్చి కంటితో పోల్చుకున్నాడు. మన ఓడలరేవు నుంచి ఆ మేఘం కనబడుతుందా అని లెక్క కట్టి చూశాను. దక్షిణాన సముద్రం మీద నాలుగు డిగ్రీలకు మించి లేవదు. ఆ ఎత్తులో తేమా ఉప్పుగాలీ తప్ప కంటికి ఏం ఆనదు. అంటే ఆ చావుకబురు కోనసీమకు వెలుగుగా అందలేదు. న్యూట్రినోలుగా మాత్రం అందరితో పాటే అందింది. పట్టుకునే సాధనం లేదు, అంతే.

ఆ సాధనాన్ని రెండడుగుల ఘనంలో ఇమిడ్చేయాలని ఇప్పుడు ఇటలీలో పని జరుగుతోంది. నీళ్లతో కాదు, స్ఫటికాలతో. అదీ రెండు వేల ఏళ్లనాటి సీసంతో పెంచిన స్ఫటికాలతో.

గొరగనమూడి నుంచి లివర్‌పూల్‌కి

న్యూట్రినో కథ ఒక లెక్క తప్పడంతో మొదలైంది. కొన్ని పరమాణు కేంద్రకాలు బీటా కణాన్ని, అంటే ఎలక్ట్రాన్‌ని, విసిరేసి రూపు మార్చుకుంటాయి. లెక్క ప్రకారం ప్రతి ఎలక్ట్రాన్‌కీ ఒకే శక్తి ఉండాలి. అలా లేదని, రకరకాల శక్తులతో వస్తున్నాయని 1914లో జేమ్స్ చాడ్విక్ చూపించాడు. మిగతా శక్తి ఎటు పోయినట్టు? ఛార్జి లేని, కంటికి చిక్కని మరో కణం దాన్ని ఎత్తుకుపోతోందని 1930 డిసెంబరులో వోల్ఫ్‌గాంగ్ పౌలి ఊహించాడు. దాన్ని ప్రయోగంలో పట్టుకోవడానికి 1956 దాకా పట్టింది.

ఈ కథలో గోదావరి గడ్డకు ఓ చిన్న చోటుంది. భీమవరం దగ్గర గొరగనమూడిలో పుట్టిన భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు సన్యాసం పుచ్చుకుని స్వామి జ్ఞానానంద అయ్యారు. హిమాలయాల్లో తపస్సు చేసుకున్న మనిషి ఐరోపా వెళ్లి భౌతికశాస్త్రంలో పడ్డారు. ప్రాగ్‌లో ఎక్స్‌రేల మీద పనిచేశారు. అక్కణ్నుంచి లివర్‌పూల్ వెళ్లి సాక్షాత్తూ ఆ చాడ్విక్ దగ్గరే బీటా కిరణాల శక్తులను కొలిచారు. తిరిగొచ్చాక ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో అణు భౌతికశాస్త్ర విభాగానికి పునాది వేశారు. ‘హై వాక్యువా’ పేరుతో శూన్యాన్ని సాధించే పద్ధతుల మీద ఆయన రాసిన పుస్తకం 1947లో వచ్చింది. ఆ ఇటలీ స్ఫటికాలను ఉంచే అతిశీతల యంత్రానికైనా ముందు కావాల్సింది మంచి శూన్యమే. కాషాయం కట్టుకున్న మనిషి పంపులూ కవాటాలూ సీళ్ల గురించి రాయడం నాకు భలే ముచ్చటగా ఉంటుంది. ఆయన పేరు మన పిల్లల పాఠాల్లో ఎందుకు లేదో నాకు అర్థం కాదు.

కోలార్ లోతుల్లో

న్యూట్రినోకి భూగోళం అడ్డు కాదు. అదే దాన్ని వెతకడంలో ఉన్న సుళువు, అదే చిక్కు. సుళువు ఏమిటంటే, డిటెక్టర్‌ని భూమిలో ఎంత లోతున పెట్టినా న్యూట్రినో వచ్చి చేరుతుంది. అంతరిక్షం నుంచి కురిసే మిగతా కణాలను పైనున్న రాయి ఆపేస్తుంది. చిక్కు మనకు తెలిసిందే. భూగోళాన్నే లెక్కచేయనిది మన పరికరాన్ని మాత్రం ఎందుకు లెక్కచేస్తుంది?

ఆ రోజుల్లో భూమ్మీద మనిషి దిగగలిగిన అతి లోతైన చోట్లలో ఒకటి మన సరిహద్దునే ఉంది. కోలార్ బంగారు గనులు. కర్ణాటకలో ఉన్నా, ఒకవైపు చిత్తూరు, కుప్పం పల్లెలు, ఇంకోవైపు తమిళ జిల్లాలు అక్కడికి కూలీలను పంపాయి. గనుల్లో తెలుగూ తమిళమూ కలగలిపి మాట్లాడేవారు. బిసానత్తం, చిగురుగుంట గనులైతే చిత్తూరు జిల్లాలోవే.

ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు ఆ గనుల్లో లోతుకు దిగుతూ కాస్మిక్ కణాలను లెక్కపెట్టారు. అడుక్కు వెళ్లేకొద్దీ లెక్క పడిపోతూ వచ్చింది. అట్టడుగున, రెండు కిలోమీటర్ల ముప్పావు లోతున, రెండు నెలలు కూర్చున్నా ఒక్క కణమూ రాలేదు. ఆ పత్రం మీద పేర్లు ఎస్. మియాకె, వి.ఎస్. నరసింహం, పి.వి. రమణమూర్తి. ఇంకొకరైతే సున్నా వచ్చిందని పెట్టె సర్దుకుపోయేవారు. వీళ్లు మాత్రం, ఇంత సద్దులేని చోటు దొరికితే న్యూట్రినో అలికిడి వినబడుతుంది కదా అనుకున్నారు. జపాన్‌లోని ఒసాకా సిటీ విశ్వవిద్యాలయం, ఇంగ్లండ్‌లోని దర్హమ్ విశ్వవిద్యాలయం కలిశాయి. ఎం.జి.కె. మేనన్, బి.వి. శ్రీకంఠన్ ముందుండి నడిపించారు.

ఛాంపియన్ రీఫ్ గనిలో 2,300 మీటర్ల లోతున, రాయే ఒళ్లు కాలేంత వేడిగా ఉండే చోట, కణం తగిలితే మెరిసే ప్లాస్టిక్ పలకలనూ నియాన్ గొట్టాల వరసలనూ గోడల్లా నిలబెట్టారు. గోడలే ఎందుకంటే, పైనుంచి నిట్టనిలువుగా వచ్చేది ఏదైనా మామూలు కాస్మిక్ కణం కావచ్చు. అడ్డంగా, రాతిలో కిలోమీటర్ల దూరం దాటి వచ్చిందంటే దాన్ని పుట్టించింది న్యూట్రినోయే అయి ఉండాలి. 1965లో అలాంటి అడ్డగీతలు పడ్డాయి. ఆగస్టు 15న ‘ఫిజిక్స్ లెటర్స్’లో పత్రం అచ్చయింది. దక్షిణాఫ్రికా బంగారు గనిలో ఇదే వేటలో ఉన్న ఫ్రెడరిక్ రీన్స్ బృందం పత్రం రెండు వారాల తర్వాత, ఆగస్టు 30న వచ్చింది. తొలి గీతను ముందు చూసింది రీన్స్ వాళ్లే, ముందు అచ్చు వేసింది మనవాళ్లు. ప్రకృతిలో పుట్టిన న్యూట్రినో మొదటిసారి చిక్కింది ఆ రెండు గనుల్లోనే.

తర్వాత అక్కడే ప్రోటాన్ క్షయం, అంటే ప్రోటాన్ తనంత తానే విడిపోవడం, చూడటం కోసం ఇనుప పలకలతో రెండు పెద్ద డిటెక్టర్లు కట్టారు. 1987లో ఆ నక్షత్రం పేలేసరికి రెండూ ఉన్నాయి. కానీ సూపర్‌నోవా, అంటే అలా పేలే నక్షత్రం, పంపేంత తక్కువ శక్తి కణాలను పట్టడానికి కట్టినవి కావవి. కమియోకా ట్యాంకు కూడా ప్రోటాన్ క్షయం కోసం కట్టిందే, అయితే నీళ్లు కాబట్టి అదృష్టం కలిసొచ్చింది. ఇక బంగారం గిట్టుబాటు కాక, పంపులు ఆగి, ప్రయోగశాల 1990ల మొదట్లో మూతపడింది. 2001 ఫిబ్రవరి 28న గనులే మూతపడ్డాయి. గుహలోకి నీళ్లొచ్చాయి. ప్రపంచానికే మార్గం చూపిన చోటును నీళ్లపాలు చేసుకున్నాం. ఇది నా మాట; కాదనేవాళ్లు నష్టాల లెక్కలు చెబుతారు, ఆ లెక్కలూ నిజమే.

ఒక్క తోపుడు, కాస్త వెచ్చదనం

స్ఫటికాల దగ్గరికొద్దాం. 1974లో డేనియల్ ఫ్రీడ్‌మన్ ఒక సంగతి చెప్పాడు. తక్కువ శక్తి న్యూట్రినో ఒక బరువైన కేంద్రకాన్ని తాకినప్పుడు లోపలి న్యూట్రాన్లను విడివిడిగా చూడదు, మొత్తం కేంద్రకాన్ని ఒక్కటిగా తోస్తుంది. అప్పుడు తగిలే అవకాశం న్యూట్రాన్ల సంఖ్య వర్గం చొప్పున పెరుగుతుంది. సీసం-208లో న్యూట్రాన్లు 126. దాని వర్గం 15,876. అంత పెద్ద గుణింతం ఇంకెక్కడ దొరుకుతుంది? పైగా న్యూట్రినోల్లో మూడు రకాలున్నాయి. నీళ్ల ట్యాంకులు ప్రధానంగా ఒక రకాన్నే చూస్తాయి. ఈ తోపుడు మాత్రం మూడింటికీ సమానమే. కూలే నక్షత్రం తన శక్తిలో నూటికి 99 వంతులు న్యూట్రినోలుగానే బయటికి పంపుతుంది కాబట్టి, మూడు రకాలనూ కలిపి చూసేదాకా ఆ చావు లెక్క పూర్తి కాదు.

మరి ఇన్నాళ్లూ ఎందుకు చేయలేదు? తోపుడు మరీ చిన్నది. కోటి ఎలక్ట్రాన్ వోల్టుల న్యూట్రినో వచ్చి గుద్దినా సీసం కేంద్రకానికి దక్కేది మహా అయితే వెయ్యి. పదివేలలో ఒక వంతు. దాన్ని కొలవాలనుకోవడం పొగరనిపించుకోవచ్చని ఫ్రీడ్‌మన్ తన పత్రంలోనే ఒప్పుకున్నాడు. 43 ఏళ్ల తర్వాత, 2017లో, అమెరికాలోని ఓక్ రిడ్జ్‌లో 14.6 కిలోల సీసియం అయొడైడ్ స్ఫటికంతో ఆ తోపుడును మొదటిసారి చూశారు. అవి యంత్రం పుట్టించిన న్యూట్రినోలు. నక్షత్రాలవి పట్టాలంటే ఇంకా సున్నితంగా ఉండాలి.

అందుకు చలి. స్ఫటికంలో కేంద్రకం కదిలితే ఆ శక్తి చివరికి వేడిగా మారుతుంది. మామూలు ఉష్ణోగ్రతలో అణువులన్నీ ఊగిపోతుంటాయి. అందులో ఈ వేడిని గుర్తుపట్టడం అంటే జగ్గన్నతోట తీర్థంలో ప్రభలు కదిలేటప్పుడు, డప్పుల మధ్య, చేతి గడియారం టిక్కుమనడం వినాలనుకోవడమే. చల్లబరిస్తే ఊగిసలాట తగ్గుతుంది. దానికి మించి, స్ఫటికం వేడి పట్టే సామర్థ్యం ఉష్ణోగ్రత ఘనం చొప్పున పడిపోతుంది. ఉష్ణోగ్రత పదో వంతు అయితే సామర్థ్యం వెయ్యో వంతు. అప్పుడు పిసరంత శక్తికే కొలవగలిగేంత ఉష్ణోగ్రత పెరుగుతుంది. ఇటలీ గ్రాన్ సాస్సోలోని క్యువోరే ప్రయోగంలో 988 స్ఫటికాలను 10 మిల్లీకెల్విన్ దగ్గర, అంటే పరమ శూన్య ఉష్ణోగ్రతకు కెల్విన్‌లో నూరోవంతు పైన, ఉంచుతున్నారు. నక్షత్రాల మధ్య ఖాళీలోనే 2.7 కెల్విన్ ఉంటుంది. హీలియంలోని రెండు ఐసోటోపులను, హీలియం-3, హీలియం-4 లను, కలిపి ఒకదాన్ని ఇంకోదానిలోకి తోడుతూ ఈ చలిని పుట్టిస్తారు. అక్కడ ఒక్కో స్ఫటికం 5 సెంటీమీటర్ల ఘనం, ముప్పావు కిలో. పది లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు పడితే అది వేడెక్కేది డిగ్రీలో పదివేలో వంతు.

రోమన్ల ఓడ మునక

క్యువోరే వెతికేది వేరే. అదే గ్రాన్ సాస్సోలో, 1,400 మీటర్ల రాతి కింద, సూపర్‌నోవా న్యూట్రినోల కోసమే ప్రతిపాదించింది రెస్-నోవా. లూకా పట్టవినా, ఇద్దరు సహచరులు 2020లో ఆ ఆలోచనను ప్రచురించారు. లెడ్ టంగ్‌స్టేట్ స్ఫటికాలతో 60 సెంటీమీటర్ల ఘనం. గాజులా పారదర్శకంగా ఉండే పదార్థమిది, 5 సెంటీమీటర్ల ముక్క చేతిలో పెడితే కిలో తూగుతుంది. మొత్తం పేర్చినా రెండు టన్నులకు లోపే. పోల్చి చూస్తే జపాన్‌వాళ్ల సూపర్ కమియోకాండేలో 50,000 టన్నుల నీళ్లు. రెస్-నోవా ఇంకా నమూనా స్ఫటికాల దశలోనే ఉందని గుర్తుపెట్టుకోవాలి.

దాని అసలు చిక్కు సీసంలోనే ఉంది. ఖనిజంలో యురేనియం జాడలుంటాయి. దాన్నుంచి సీసం-210 పుడుతుంది. అది రేడియోధార్మికమైన సీసం, మామూలు సీసంతో రసాయనికంగా ఒకటే. ఏ కొలిమీ, ఏ ఆమ్లమూ దాన్ని వేరు చేయలేవు. కాలమొక్కటే చేయగలదు. దాని అర్ధాయుష్షు 22 ఏళ్లు. కరిగించి శుద్ధి చేసిన సీసాన్ని వందల ఏళ్లు కదపకుండా ఉంచితే అది తనంత తానే చల్లారుతుంది. అలా ఉంచినవాళ్లు రోమన్లు, వాళ్లకు తెలియకుండానే. క్రీస్తుకు పూర్వం మొదటి శతాబ్దంలో సార్డీనియా దగ్గర సీసం కడ్డీలతో వెళ్తున్న ఓడ మునిగింది. 1988లో అది బయటపడింది. తవ్వకానికి ఇటలీ భౌతికశాస్త్ర సంస్థ డబ్బిచ్చింది. 2010లో 120 కడ్డీలు, ఒక్కోటి సుమారు 33 కిలోలు, గ్రాన్ సాస్సోకు చేరాయి. రెండు వేల ఏళ్లంటే తొంభై అర్ధాయుష్షులు, సీసం-210 మిగలదు. కడ్డీల మీద రోమన్ల ముద్రలున్న భాగాన్ని కోసి భద్రపరిచి, మిగతాది కరిగించారు. ఆ కడ్డీలు క్యువోరేకు కవచమయ్యాయి. రెస్-నోవా ఇంకో అడుగు ముందుకేసింది: పాత సీసాన్ని కాపలాకి కాదు, డిటెక్టర్‌గానే వాడదామంటోంది. పురావస్తు శాస్త్రవేత్తల్లో కొందరికి ఇది మింగుడు పడలేదు. నేనైతే వాళ్ల వైపే సగం మొగ్గుతాను.

ఎందుకంటే అదే ఈడు సీసం మన దగ్గరా ఉంది. శాతవాహనులు సీసంతో నాణేలు పోశారు, ఆంధ్రదేశంలో అవి విరివిగా దొరికాయి. అల్లవరం నుంచి వైనతేయ నది దాటితే ఆదుర్రులో ఆ కాలపు బౌద్ధ స్తూపమే ఉంది. ఎవరైనా ఉత్సాహవంతుడు ఈ వ్యాసం చదివి ‘మన నాణేలు కరిగిస్తే?’ అనకముందే చెబుతున్నాను: వద్దు. కిలోల కొద్దీ నాణేలు కావాలి, ఒక్కో నాణెం ఒక చరిత్ర పుట. సీసమే కావాలనీ లేదు. కాల్షియం టంగ్‌స్టేట్, నీలమణి, జెర్మేనియం కూడా ఈ పనికి పనికొస్తాయి.

మన దగ్గర ఏముంది

కోనసీమలో మాత్రం ఇలాంటిది కట్టలేం. నాలుగడుగులు తవ్వితే నీరొచ్చే ఇసుక నేల మనది. ఓఎన్‌జీసీ రిగ్గులు కిలోమీటర్ల లోతుకు దిగుతాయి కానీ అది గొట్టం పట్టేంత బొక్క, మనిషి నిలబడే గుహ కాదు. గట్టి కొండ రాయి కావాలి.

కొండలున్న చోట కథ ఇంకోలా ఉంది. తమిళనాడు థేని దగ్గర భారత న్యూట్రినో వేధశాలకు 2015 జనవరిలో కేంద్రం సుమారు 1,500 కోట్లతో ఒప్పుకుంది. స్థానికుల నిరసనలూ కోర్టు కేసులూ వచ్చి అక్కడే ఆగిపోయింది. నిరసనకారులను తెలియనివాళ్లని తీసిపారేయడం నాకు నచ్చదు. 1995లో పాశర్లపూడి బావి 65 రోజులు మండటం చూసిన జిల్లా మనది. పైనుంచి వచ్చినవాళ్లు ‘ఏం భయం లేదు’ అంటే ఊరికే నమ్మకపోవడం ఎందుకో మనకు తెలుసు. ఆ వేధశాల వల్ల ప్రమాదం లేదనే నేననుకుంటున్నాను. ఆ మాట ఊళ్లో కూర్చుని, వాళ్ల భాషలో, ముందే చెప్పాల్సింది.

అందుకే చిన్న స్ఫటికాల దారి మనకు సరిపోతుందంటాను. కొండను తొలిచి 50,000 టన్నులు నింపనక్కర్లేదు. జార్ఖండ్‌లోని జాదుగూడ యురేనియం గనిలో 555 మీటర్ల లోతున 2017లో తెరిచిన చిన్న ప్రయోగశాల ఉంది. ముంబై టాటా ఇన్‌స్టిట్యూట్‌లో 10 మిల్లీకెల్విన్‌కు లోపు దిగే యంత్రం ఉంది, తగరపు డిటెక్టర్ల కోసం తెచ్చింది. భువనేశ్వర్ నైసర్ శాస్త్రవేత్తలు టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయం వాళ్లతో కలిసి రియాక్టర్ పక్కన ఇలాంటి చల్లని స్ఫటికాలతోనే పనిచేస్తున్నారు. హైదరాబాద్‌లోని సీ-మెట్ సంస్థ జెర్మేనియం, టెల్లూరియం వంటివి అత్యంత శుద్ధంగా తీయడంలో ఆరితేరింది. ఇవన్నీ విడివిడిగా ఉన్నాయి. ఒక చూరు కిందికి తెచ్చే పట్టుదలే లేదు. చిన్నదంటే చవకని కాదు. చలి యంత్రానికి కోట్లు అవుతాయి, హీలియం-3 బంగారం కన్నా ఖరీదు. కానీ ఒక్క విశ్వవిద్యాలయం పెట్టుకోగలిగేంత పరిమాణం ఇది.

తొందరేం అంటారా? మన గెలాక్సీలో ఇలాంటి పేలుళ్లు నూరేళ్లకు ఒకటో రెండో మూడో జరుగుతాయని అంచనా. ఇక్కడ ఏ రకం సూపర్‌నోవా అయినా కంటికి కనబడింది చివరిసారి 1604లో. నారుమళ్లకు ఆరుద్ర కార్తె చూసుకునే రైతుకు ఆరుద్ర నక్షత్రం తెలుసు. ఎర్రగా, ఉబ్బి, చివరి దశలో ఉంది. రేపు పేలొచ్చు, లక్షేళ్లకు పేలొచ్చు. 1987లో పేలినదాని కన్నా అది కొన్ని వందల రెట్లు దగ్గర. అంత దగ్గర్లో పేలితే కొన్ని పెద్ద డిటెక్టర్లు ఒక్కసారిగా వచ్చి పడే సంకేతాలకు తట్టుకోలేకపోవచ్చు. ముక్కలు ముక్కలుగా ఉండే స్ఫటికాల పేర్పు ఆ తాకిడిని తట్టుకుంటుంది.

ఓడలరేవులోనో అమలాపురంలోనో ఇంజనీరింగ్, బీఎస్సీ చదువుతున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక మాట. ఈ రంగానికి సిద్ధాంతం చెప్పేవాళ్లు కరువు కాదు. శూన్యం పంపులు, చలి యంత్రాలు, స్ఫటికాలు పెంచే కొలుములు, సన్నని సంకేతాలను చదివే ఎలక్ట్రానిక్స్, వీటి మీద చేతులు తిరిగినవాళ్లే కరువు. టాటా ఇన్‌స్టిట్యూట్ ప్రవేశ పరీక్ష, జెస్ట్ ఏటా జరుగుతాయి. రెండింటికీ దరఖాస్తు చేయండి.